తోకలేని పిట్ట ఖరీదు

తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుందని తెలుగువారి పొడుపుకథ ఒకటి ఉత్తరాన్ని గురించి చెబుతుంది. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళు కనుక తొంభై ఆమడలు ఏడువందల మైళ్ళ పైమాటే అవుతాయి. పొడుపుకథ దూరం చెప్పింది గాని పిట్ట ఖరీదు చెప్పలేదు. తపాలా చరిత్రలో సగం ఆ చెప్పని సంగతి చుట్టూనే తిరిగింది. ఉత్తరం ధరలో దూరానికి చోటుండాలా వద్దా అన్న ప్రశ్నకు మొగలాయీల తరువాతి రాజ్యాలు ఒక జవాబు, కంపెనీ సర్కారు మరొక జవాబు, స్వతంత్ర భారత ప్రభుత్వం వేరొక జవాబు ఇచ్చాయి. హైదరాబాదుకు తూర్పున, వరంగల్ దారిలో, దాదాపు పాతిక కిలోమీటర్ల దూరాన ఉన్న ఘట్‌కేసర్ నుంచి చూస్తే ఆ జవాబులు స్పష్టంగా కనిపిస్తాయి. నగరానికి ఎప్పుడూ దగ్గరగానే ఉన్నా, తపాలా లెక్కల్లో నగరంతో కలవని ఊరు అది.

తపాలా అన్న మాటకే సరైన పుట్టుక తెలియదు. ఉత్తరాదిన డాక్ అన్న మాట ఏ అర్థాల్లో వాడుకలో ఉందో, దక్షిణాదిన తపాలా ఆ అర్థాలన్నిటిలోనూ ఉందని హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెబుతూ, దానికి మజిలీ అన్న అర్థం గల ఫ్రెంచి మాటతో చుట్టరికం ఉండవచ్చునన్న సి.పి. బ్రౌన్ ఊహను కూడా ప్రస్తావించింది. ఊహ నిజమైనా కాకపోయినా పని తీరుకు అది సరిపోయింది. ఒక మజిలీ నుంచి రెండో మజిలీకి ఒక మనిషి పరుగెత్తి, సంచిని మరొకరి భుజానికి మార్చే ఏర్పాటే అప్పటి తపాలా. మనిషి కాళ్ళ మీద నడిచే వ్యవస్థలో దూరం పెరిగినకొద్దీ ఖర్చు పెరగడం సహజం కనుక ధర కూడా ఆమడల లెక్కనే ఉండేది. 1837 నాటి చట్టం ప్రకారం కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువు ఉత్తరానికి ఒక రూపాయి అయ్యేది. ఆనాటి కూలివాడికి అది చాలా రోజుల సంపాదన. సొమ్మును పంపేవారు ముందుగా కట్టవచ్చు, లేదా అందుకునేవారి దగ్గర వసూలు చేయవచ్చు. రెండో పద్ధతి తరువాతి కాలంలో బేరింగు అన్న పేరుతో మిగిలింది: బిళ్ళ అంటించని ఉత్తరానికి అసలు ధరకు రెట్టింపు చెల్లించి విడిపించుకోవలసి రావడాన్నే తెలుగు ఇళ్ళలో బేరింగు ఉత్తరం అన్నారు.

ఇంగ్లండులో రోలండ్ హిల్ వేసిన లెక్క ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఒక్కొక్క ఉత్తరాన్ని మోసే ఖర్చు చాలా స్వల్పమనీ, అసలు ఖర్చంతా దాన్ని తీసుకోవడంలో, వేరు చేయడంలో, డబ్బు వసూలు చేయడంలో, గుమ్మం దాకా చేర్చడంలో ఉంటుందనీ, కాబట్టి దూరంతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే ధర పెట్టి ముందుగానే వసూలు చేయాలనీ ఆయన వాదించాడు. 1840లో అక్కడ ఒక పెన్నీ ధర వచ్చింది. భారతదేశంలో 1854 అక్టోబరు 1 నుంచి, పావు తులం మించని ఉత్తరం కంపెనీ పాలనలోని ఏ మూల నుంచి ఏ మూలకైనా అర అణాకు పోయేలా చట్టం చేశారు. పావు తులం అంటే నేటి లెక్కలో మూడు గ్రాములు కూడా లేదు. పలచని కాగితం ఒక్కటి మడిచి, జాగా మిగలకుండా అంచుల్లో కూడా రాస్తే తప్ప ఆ తూకంలో ఒదగదు. పాత ఉత్తరాల్లో అక్షరాలు చీమల బారుల్లా కనిపించడానికి కాగితం కరువొక్కటే కారణం కాదు. 1879లో పావు అణాకే, అంటే కాణీకే, కార్డు వచ్చింది. పలకరింపు, పెళ్ళి కబురు, మరణవార్త, ధాన్యం ధర అన్నీ ఆ ముక్క మీదికి చేరాయి. ‘ఒక కార్డు ముక్క రాసి పడేయి’ అన్న వాడుక అక్కడి నుంచే వచ్చింది.

ఈ ఒకే ధర అన్న మాట ఘట్‌కేసర్‌కు మరో దారిలో చేరింది, ఎందుకంటే అది నిజాం రాజ్యంలోని ఊరు. సాలార్‌జంగ్ దివానుగా ఉండగా 1869లో హైదరాబాదు ప్రభుత్వం తన సొంత తపాలా బిళ్ళను, ఆలివ్ రంగులో ఒక అణా విలువతో, విడుదల చేసింది. తరువాత వచ్చిన బిళ్ళల మీద విలువను ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగులోనూ అచ్చు వేశారు. రాజ్యంలో పైస్థాయి చదువులోనూ, కచేరీలోనూ తెలుగుకు పెద్దగా చోటు లేని రోజుల్లో అంగుళం కాగితం మీద అది నిలబడటం చిన్న విషయం కాదు. బిళ్ళ కొనేవాడికి విలువ అర్థం కావాలన్న వ్యాపార అవసరమే దానికి కారణం కావచ్చు. అయినా కచేరీ చేయని పని తపాలా చేసింది.

అయితే నిజాం బిళ్ళ చెల్లుబాటు నిజాం సరిహద్దులోపలే. గ్వాలియర్, పటియాలా వంటి కొన్ని సంస్థానాలు బ్రిటిష్ తపాలాతో ఒడంబడిక చేసుకుని ఆ బిళ్ళల మీదే తమ పేరు అచ్చు వేసుకున్నందువల్ల వాటి ఉత్తరాలు దేశమంతా తిరిగేవి. హైదరాబాదు అలా ఒప్పుకోలేదు. రెసిడెన్సీలో, సికింద్రాబాదు కంటోన్మెంటులో బ్రిటిష్ తపాలా కచేరీలు వేరుగా నడిచేవి. సికింద్రాబాదు నుంచి మౌలాలి, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరుల మీదుగా వరంగల్‌కు 1886లో, అక్కడి నుంచి బెజవాడకు 1889లో రైలు వచ్చాక ఈ ద్వంద్వం మరింత విచిత్రంగా తయారైంది. ఒకే పట్టాల మీద, ఒకే బండిలో, ఒకే భాష మాట్లాడేవారి మధ్య ప్రయాణించే రెండు ఉత్తరాల్లో వరంగల్‌కు పోయేది నిజాం బిళ్ళతోనూ, బెజవాడకు పోయేది బ్రిటిష్ బిళ్ళతోనూ పోవాలి. దూరం ధరలో లేదు గాని సరిహద్దు ఉంది. నాణేలు కూడా వేరు: హైదరాబాదు హాలీ సిక్కా ఏడు రూపాయలు బ్రిటిష్ ఆరు రూపాయలకు సమానంగా చెల్లేవి కనుక, రెండు అణాల మధ్య కూడా తేడా ఉండేది.

ధరల పెంపుకు ఆ కాలపు బిళ్ళలే తిరుగులేని సాక్ష్యాలు. 1930లో నిజాం ప్రభుత్వం పాత పావు అణా బిళ్ళల మీద 4 పైలు అనీ, అర అణా బిళ్ళల మీద 8 పైలు అనీ అదనపు అచ్చు గుద్దింది. పై అంటే అణాలో పన్నెండో వంతు. పావు అణాకు మూడు పైలు, అర అణాకు ఆరు పైలు కనుక ఆ అదనపు అచ్చు చెప్పే సంగతి ఒక్కటే: విలువ ఒక్కసారిగా మూడో వంతు పెరిగింది. కొత్త బిళ్ళలు వచ్చేదాకా ఆగకుండా పాతవాటి మీదే గుద్దారంటే ఖజానాకు ఎంత తొందర ఉందో ఊహించవచ్చు. బ్రిటిష్ ఇండియాలో దెబ్బ అంతకు ముందే తగిలింది. 1922లో కార్డు పావు అణా నుంచి అర అణాకు, ఉత్తరం అర అణా నుంచి అణాకు, అంటే రెండూ రెట్టింపు అయ్యాయి. 1931లో ఆర్థిక మాంద్యం నడుమ కార్డు 9 పైలకు చేరింది. కేంద్ర శాసనసభలో బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ కార్డును మళ్ళీ కాణీకి దించాలని సవరణలు వచ్చేవి. ఉప్పు పన్ను లాగానే కార్డు ధర కూడా పేదవాడి మీద పన్ను అన్నది వాటిని తెచ్చిన సభ్యుల వాదం. కాణీ కార్డు మాత్రం మళ్ళీ రాలేదు.

1937లో ఏడో నిజాం పాలన రజతోత్సవానికి వేసిన బిళ్ళల్లో అణా బిళ్ళ మీద ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని చూపారు. నేటి నాచారం, హబ్సీగూడలకు కూతవేటు దూరంలో ఉన్న ఆర్ట్స్ కళాశాల భవనానికి ప్రారంభోత్సవం 1939 డిసెంబరులో జరిగింది కనుక, విశ్వవిద్యాలయం తన భవనంలోకి చేరకముందే బిళ్ళకెక్కి ఊళ్ళు తిరిగిందన్నమాట. అదే దశాబ్దంలో, 1934లో, సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల పద్యాలతో గోలకొండ కవుల సంచికను తెచ్చారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా, 1926లో తాను స్థాపించిన గోలకొండ పత్రికలో ప్రకటన వేసి, జిల్లాల నుంచి రచనలు తెప్పించి కూర్చిన పుస్తకమది. చవకైన తపాలా లేకుంటే అలాంటి పుస్తకాన్ని తలపెట్టడమే కష్టం. పత్రికలకు తక్కువ ధర ఇవ్వాలన్న సూత్రం తపాలాలో మొదటి నుంచీ ఉంది. రిజిస్టరైన వార్తాపత్రిక ఒక ప్రతి 50 గ్రాముల దాకా పావలాకు పోయే రాయితీ అందులో మిగిలిన ముక్క.

1950 ఏప్రిల్ 1న హైదరాబాదు తపాలా భారత తపాలాలో కలిసింది. వరంగల్‌కూ బెజవాడకూ ఒకే బిళ్ళ చెల్లడం ఘట్‌కేసర్‌కు అప్పుడు మొదలైంది. స్వాతంత్ర్యం నాటికి దేశంలో 23,344 తపాలా కార్యాలయాలు ఉండగా నేడు లక్షా అరవై నాలుగు వేలు దాటాయి, వాటిలో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. ఈ విస్తరణ శాఖా కార్యాలయం, అంటే జనం బి.ఓ. అని పిలిచే అరగది కచేరీ వల్ల సాధ్యమైంది. దాన్ని నడిపే గ్రామీణ డాక్ సేవక్ పూర్తికాలపు ఉద్యోగి కాడు. రోజుకు నాలుగైదు గంటల పనికి భత్యం తీసుకుంటూ, కచేరీకి చోటు కూడా తానే చూపాలి. 2018 జూలై నుంచి శాఖా పోస్టుమాస్టరు భత్యం నాలుగు గంటలకు 12,000, ఐదు గంటలకు 14,500 రూపాయల నుంచి మొదలవుతుంది. ఇంటి వరండాలో ఒక బల్ల, తూకపు త్రాసు, తేదీ ముద్ర, దాని పక్కన నల్ల సిరా మెత్త: దేశమంతటికీ ఒకే ధర అన్న హామీని మోసేది ఈ సామగ్రే. అర్ధ రూపాయి కార్డు వెనక దాగిన అసలు రాయితీ ప్రభుత్వానిది కొంత, ఆ వరండాది కొంత.

1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. ఒకే పేరున్న ఊళ్ళు అనేకం, రాసే లిపులు అనేకం అయిన దేశంలో ఉత్తరాలు దారి తప్పకుండా శ్రీరామ్ భికాజీ వెలాంకర్ రూపొందించిన ఈ ఆరంకెల సంఖ్యలో మొదటి అంకె మండలాన్ని, రెండోది ఉపమండలాన్ని, మూడోది సార్టింగ్ జిల్లాను, అంటే ఉత్తరాలను వేరుచేసి పంపే కేంద్రం పరిధిని, చివరి మూడు అంకెలు బట్వాడా చేసే కార్యాలయాన్ని తెలుపుతాయి. ఉప్పల్‌కు 500039, నాచారానికి 500076, ఘట్‌కేసర్‌కు 501301. మూడో అంకె దగ్గర సున్నా ఒకటిగా మారే చోటే ఆనాటి తపాలా దృష్టిలో నగరం ఆగి పల్లె మొదలైంది. ఆ తరువాత ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు నిండాయి, పోచారానికి ఇన్ఫోసిస్ వచ్చింది, లింగంపల్లి నుంచి ఎం.ఎం.టి.ఎస్. రైలు 2024లో ఘట్‌కేసర్ దాకా సాగింది. అయినా చిరునామాలో 501 అలాగే ఉండిపోయింది. ఊళ్ళు మారినంత తొందరగా తపాలా సంఖ్యలు మారవు. అదొక రకంగా మేలే.

ఇక కార్డు ధరను చూస్తే, దశాంశ నాణేలు వచ్చాక 5 నయాపైసల దగ్గర మొదలై, 15 పైసల దగ్గర ఏళ్ళ తరబడి నిలిచి, 1997లో పావలాకు, ఆ పైన అర్ధ రూపాయికి చేరి ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఆగింది. ఇన్‌లాండ్ కవరు రెండున్నర రూపాయలు, 20 గ్రాముల ఉత్తరం 5 రూపాయలు కూడా అంతే కాలంగా కదలలేదు. ఒక్కో కార్డును చేర్చడానికి తపాలా శాఖకు సుమారు 12 రూపాయలు ఖర్చయిందని శాఖే తన లెక్కల్లో ఒకసారి చూపింది. హైదరాబాదుకు దీనితో మరో చుట్టరికం ఉంది. కార్డులు, ఇన్‌లాండ్ కవర్లు అచ్చు వేసే సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ 1982లో సైఫాబాద్ టంకశాల ఆవరణలో మొదలైంది. నాణేలు ముద్రించే టంకశాల 1997లో అక్కడి నుంచి ఘట్‌కేసర్ పక్కనున్న చర్లపల్లికి తరలిపోయింది. అర్ధ రూపాయి నాణెం చట్టప్రకారం చెల్లుతుంది గాని ఏ కిరాణా కొట్టులోనూ ఎవరూ పుచ్చుకోరు. ఆ నాణేనికి విలువ మిగిలిన అరుదైన చోట్లలో తపాలా కిటికీ ఒకటి.

ఈ నిలకడను దయ అనుకోవడం పొరపాటు. కార్డు ధర పెరగకపోవడానికి కారణం దాన్ని అడిగేవారు తగ్గిపోవడమే. జనం నిజంగా వాడే సేవల్లో ధర మరో దారిన పెరిగింది. కింది మెట్లను ఒక్కొక్కటిగా తీసేస్తే పై మెట్టు ధరే అందరికీ ధర అవుతుంది. ఉత్తరం వేసినట్టు చిన్న చీటీ మీద ముద్ర కొట్టి ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ 2011లో ఆగింది. పుస్తకాలను చవకగా పంపే రిజిస్టర్డ్ ప్రింటెడ్ బుక్స్ సేవ 2024 డిసెంబరులో ఆగింది. దాని బదులు 2025 మేలో వచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాములకు 20 రూపాయలు, ఐదు కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. 2025 సెప్టెంబరు 1న రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. సరిగ్గా నెలకు, అక్టోబరు 1న, స్పీడ్ పోస్టు ధరలు మార్చారు.

ఈ చివరి మార్పును తూకం వేసి చూడాలి. 20 గ్రాముల రిజిస్టర్డ్ ఉత్తరానికి 5 రూపాయల బిళ్ళ, 17 రూపాయల రిజిస్ట్రేషను, పన్నుతో కలిపి 25 రూపాయల 96 పైసలు అయ్యేది. అది పక్క వీధికైనా అంతే, కాశ్మీరుకైనా అంతే. ఇప్పుడు 50 గ్రాముల దాకా స్పీడ్ పోస్టు స్థానికంగా 19 రూపాయలు, బయటి ఊళ్ళకు 47 రూపాయలు. చిరునామాలో పేరున్నవారి చేతికే ఇచ్చే రిజిస్ట్రేషను సౌకర్యం కావాలంటే మరో 5 రూపాయలు. పన్ను కలిపితే స్థానికంగా 28 రూపాయల 32 పైసలు, బయటి ఊరికి 61 రూపాయల 36 పైసలు. బరువు పరిమితి పెరిగిందనీ, వేగం పెరిగిందనీ, ప్రతి మజిలీ ఫోనులో కనిపిస్తుందనీ, విద్యార్థులకు పది శాతం తగ్గింపు ఉందనీ ఒప్పుకోవలసిందే. అయినా కోర్టు నోటీసు, ఉద్యోగ దరఖాస్తు, భూమి తగాదా అర్జీ వంటి సాక్ష్యం కావలసిన ఉత్తరం విషయంలో 1854లో బయటికి పంపిన దూరం మళ్ళీ ధరలోకి వచ్చి కూర్చుంది. ఆ సాక్ష్యం అవసరం జిల్లా కేంద్రానికి, రాజధానికి దూరంగా ఉన్నవారికే ఎక్కువ.

ధర ఎవరు నిర్ణయిస్తారన్నది కూడా మారింది. 1898 నాటి తపాలా చట్టం ఉత్తరాలు మోసే ప్రత్యేక హక్కును ప్రభుత్వానికే ఇచ్చింది. లాభం వచ్చే పట్నపు ఉత్తరంతో నష్టం తెచ్చే పల్లె ఉత్తరాన్ని పోషించడానికి ఆ గుత్తాధిపత్యం ఆధారం. ఉత్తరాల ధరలు ఆ చట్టపు మొదటి షెడ్యూలులో ఉండేవి కనుక కార్డు మీద పైసా పెంచాలన్నా ఆర్థిక బిల్లుతో సభ ముందుకు రావలసి వచ్చేది. పైసా పెంపుకు పార్లమెంటులో గొడవ జరగడానికి అదే కారణం. 2024 జూన్ 18న అమలులోకి వచ్చిన 2023 తపాలా చట్టంలో ఉత్తరాల మీద ఆ ప్రత్యేక హక్కు లేదు, బిళ్ళలు వేసే హక్కు మాత్రం ఉంది. ధరలు నిర్ణయించే అధికారం తపాలా సేవల డైరెక్టర్ జనరల్‌కు చేరింది. కొరియర్లు ఎప్పటి నుంచో ఉత్తరాలు మోస్తున్నందున పాత హక్కు కాగితం మీదే మిగిలిందన్న మాట నిజమే. కాని సభలో చర్చ లేకుండా ధర మారడం పెద్ద మార్పు, దానిపై జరగవలసినంత చర్చ జరగలేదు.

గుత్తాధిపత్యం, ఒకే ధర రెండూ పోతే ఏమవుతుందో డెన్మార్కులో చూడవచ్చు. 1624 నుంచి నడిచిన అక్కడి ప్రభుత్వ తపాలా 2025 డిసెంబరు 30న చివరి ఉత్తరాన్ని చేర్చి ఆ పని మానుకుంది. 2000 తరువాత అక్కడ ఉత్తరాలు పదో వంతుకు పడిపోయాయి. 2024 చట్టంతో అందరికీ సేవ అందించే బాధ్యత, పన్ను మినహాయింపు తొలగాక ఒక ఉత్తరం 29 క్రోనర్లకు, అంటే మూడువందల రూపాయలకు పైగా, చేరింది. ధర పెరిగినకొద్దీ రాసేవారు తగ్గారు, రాసేవారు తగ్గినకొద్దీ ధర పెరిగింది. ఒక పెన్నీ దేశంలో మొదటి తరగతి ఉత్తరం 2020లో 76 పెన్సులు, 2025 ఏప్రిల్ నాటికి 170 పెన్సులు. అమెరికాలో 2019లో 55 సెంట్లున్న బిళ్ళ 2025 జూలైలో 78 సెంట్లయింది.

భారత తపాలా ఆ సుడిలో పడలేదు. పడకపోవడానికి కారణం ఉత్తరం కాదు, పొదుపు ఖాతా, పార్సిలు, 2018లో మొదలైన పేమెంట్స్ బ్యాంకు. 2025 మేలో తపాలా శాఖ హైదరాబాదు ఐ.ఐ.టి., జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రాలతో కలిసి తెచ్చిన డిజిపిన్, నాలుగు మీటర్ల చదరం నేలకు ఒక్కొక్కటి చొప్పున పది అక్షరాంకెల గుర్తు ఇస్తుంది. 501కీ 500కీ మధ్య గీతను అది పట్టించుకోదు. సామాన్లు మోయడంలో తపాలా కొరియర్లతో పోటీపడి దూరాన్ని బట్టి ధర తీసుకోవచ్చు, అందులో తప్పు లేదు. ఉత్తరం ధర పెంచినా తప్పు లేదు. అర్ధ రూపాయి కార్డును రెండు రూపాయలు చేసినా ఎవరూ రోడ్డెక్కరు. తప్పు ఎక్కడంటే, సాక్ష్యంతో పోయే ఉత్తరానికి దేశమంతా ఒకే ధర లేకుండా చేయడంలో ఉంది. స్థానికమన్న తేడా తీసివేసి ఆ ఒక్క మెట్టునైనా డైరెక్టర్ జనరల్ తిరిగి నిలబెట్టాలి.

కార్డు ముక్క మాత్రం పాత మాట మీదే ఉంది. ఘట్‌కేసర్ తపాలా డబ్బాలో వేస్తే అది అర్ధ రూపాయికే పోతుంది, ఉప్పల్‌కైనా, ఉట్నూరుకైనా.